రెండు కాగితాలు కలిసే చోట

నాచారంలో ఇప్పుడు నాలుగడుగులు తిన్నగా వేయడానికి చోటు లేదు. పోయిన నెల పెన్షన్ కాగితం పని మీద ఉప్పల్ దాకా వచ్చినదాన్ని, పని తొందరగా అయిపోయిందని ఆటో మాట్లాడుకుని పాత ఇల్లు చూద్దామని వెళ్లాను. ఇల్లూ లేదు, ఇంటి వెనక గుట్టా లేదు. గుట్ట ఉన్నచోట ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, దాని ముందు కుర్చీలో వాచ్‌మన్. “ఎవరు గావాలె అమ్మా?” అని అడిగాడు. “ఈడ గుట్ట ఉండె గద బిడ్డా” అన్నాను. అతను నా వంక జాలిగా చూశాడు. ఆ సందులో ఇటూ అటూ రెండుసార్లు తిరిగి, నిలబడలేక మళ్లీ ఆటో ఎక్కేశాను. మా ఆయన పోయి ఆర్నెల్లయింది. అప్పటి నుంచి కూర్చుంటే కూర్చోలేను, పడుకుంటే పడుకోలేను. నారపల్లిలో మా చెల్లెలి ఇంట్లో నాకిచ్చిన గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతుంటే, “అక్కా, జర కూసోరాదే, నిన్ను చూస్తె నాకే కండ్లు తిరుగుతున్నయ్” అని కేకలేస్తుంది. ఒకప్పుడు ఇదే మాట నేను ఆయనను అనేదాన్ని. ఇన్నేళ్లుగా పత్రికలకు ఏవేవో రాశాను, పచ్చళ్ల గురించి, పెళ్లిళ్ల గురించి, చర్చి సంచికకు ఆడవాళ్ల మాటలు. నల్లమల కొండల్లో మేమిద్దరం నడిచిన ఒక్క రోజు గురించి మాత్రం రాయలేదు. అది రాస్తే తప్ప నా కాళ్లు ఒకచోట నిలిచేటట్టు లేవు.

మా ఆయనను నేను చివరిదాకా బావ అనే పిలిచాను. సొంత మేనత్త కొడుకు. పేరు దానియేలు. ఉప్పల్‌లో పటాలు తయారుచేసే ఒక సర్కారు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. అడవుల్లో, కొండల్లో తిరిగి కొలతలు తెచ్చేవాళ్లు వేరు, వాళ్లు తెచ్చిన కాగితాలను ముందేసుకుని సన్నటి పాళీతో అందంగా గీసి అచ్చుకు పంపేవాళ్లు వేరు. బావ రెండో రకం. ఈ దేశంలో ఎన్ని కొండలు గీశాడో లెక్క లేదు, ఎక్కింది మాత్రం మా ఇంటి వెనక గుట్ట ఒక్కటే. పొద్దున నాచారం నుంచి సైకిలు మీద పోయేవాడు. అప్పుడు దారి పొడుగునా ద్రాక్షతోటలు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి చొక్కాకు సిరా వాసన, తోటల్లో చల్లిన మైలుతుత్తం వాసన కలిసి అంటుకుని ఉండేవి. ఆ చొక్కా ఉతికేది నేను, ఆ నీళ్లు చేదబావిలోంచి తోడేదీ నేనే. నాలుగిళ్లకు ఒక్క బావి. ఎండాకాలం దాని అడుగున బురద తేలితే అవతలి వీధి దాకా బిందె మోసుకుపోవాలి. ఆఫీసు క్వార్టర్లలో ఇంట్లోనే నల్లా ఉంటుందని, తిప్పితే నీళ్లు వస్తాయని విన్న రోజు నుంచి నాకు ఆ నల్లా మీదనే ప్రాణం. సీనియర్ పోస్టు వస్తే క్వార్టర్ వస్తుంది. బావ పేరు వరుసలో ముందే ఉంది.

మా అత్తమ్మ కూడా మాతోనే. ఘట్‌కేసర్ అవతల పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. తెల్లవారుజామున లేచి, చాటలో బియ్యం చెరుగుతూ కీర్తన పాడేది. రాగం ఎటు పోతే చాట అటు పోయేది. నశ్యం డబ్బా రవికెలో ఉండేది, ఆ ఘాటు అన్నం గిన్నె దగ్గరికి కూడా వచ్చేది. ఇక అన్నం ముందు ఆమె చేసే ప్రార్థన! సొంతూరి మేకల దగ్గర మొదలుపెట్టి, చుట్టాలందరినీ పేరుపేరునా తలుచుకుని, ఢిల్లీలో ప్రధానమంత్రి దాకా అందరినీ దీవించి ఆమెన్ అనేసరికి కూర చల్లారి పైన నూనె గడ్డకట్టేది. నేను ఒక కన్ను తెరిచి బావ వంక చూసేదాన్ని. పెళ్లయిన కొత్తలో ఆయనా ఒక కన్ను తెరిచి నవ్వేవాడు. తర్వాత తర్వాత రెండు కళ్లూ గట్టిగా మూసుకుని కూర్చునేవాడు, మోకాలు మాత్రం ఆడుతూనే ఉండేది.

ఆ మార్పు ఎప్పుడొచ్చిందో నాకు బాగా తెలుసు. పెళ్లయిన రెండేళ్లకు. అంతకుముందు ఆదివారం చర్చి నుంచి వచ్చి, మాంసం కూరతో తిని, సాయంత్రం దాకా గురకపెట్టి పడుకునే మనిషి, ఉన్నట్టుండి ఎంగిలి చెయ్యి ఆరకముందే గుట్టెక్కడం మొదలుపెట్టాడు. ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. ఎండ లేదు, వాన లేదు. “ఏంది బావా, గుట్ట మీద ఏం పెట్టినవ్?” అంటే, “ఏం లే. కాళ్లు గుంజుతున్నయ్” అనేవాడు. చర్చిలో పాటలు పాడే బృందంలో ఒకామె ఉండేది, పెద్ద కళ్లు. నాకు అనుమానం పుట్టింది. ఎందుకు దాచాలి, పుట్టింది. ఒకరోజు కొంగు బిగించి వెనకాలే వెళ్లాను. చూస్తే ఆ బండల మధ్య ఒక్కడే తలవంచుకుని వేళ్ల మీద అడుగులు లెక్కపెట్టుకుంటూ తిరుగుతున్నాడు. పెద్ద కళ్లామె ఉన్నా నాకు అంత భయం వేసేది కాదు. మనిషికి మతి చెడుతున్నదేమో అనుకున్నాను. ఇట్లా నాలుగైదేళ్లు గడిచాయి. పిల్లలు కలగలేదన్న దిగులేమో అని కొన్నాళ్లు, నేనంటే మొహం మొత్తిందేమో అని కొన్నాళ్లు నాకు నేనే కారణాలు వెతుక్కున్నాను.

ఒక క్రిస్మస్ అయిన మర్నాడు, గరిజలు డబ్బాలో సర్దుతుంటే వచ్చి, “మూడు రోజులు సెలవు పెట్టిన. నల్లమలకు పోతున్న. శ్రీశైలం పోయే కాలిబాట మీద ఒక్క రోజు నడిచొస్త” అన్నాడు. శివరాత్రికి దూరదూరపు ఊళ్ల నుంచి వచ్చి రోజుల తరబడి కొండ మీద కొండ ఎక్కి దిగిపోయే యాత్రికుల బాట అది. అత్తమ్మ చాట కింద పెట్టింది.

“ఓరి దానీ, శివుని తొవ్వల మనకేం పనిరా? పాస్టరయ్యకు తెలిస్తె ఏమంటడు?”

“మొక్కనీకె పోతలేనమ్మా. నడవనీకె పోతున్న.”

“ఉప్పల్‌కు నడువు. ఎవ్వడొద్దన్నడు?”

నేను గరిజల డబ్బా మూత బిగించి, “నేను గూడ వస్త” అన్నాను. ఆయన వద్దన్నాడు. వద్దన్నాడు కాబట్టే వెళ్లి తీరాలనుకున్నాను.

గౌలిగూడలో బస్సెక్కి, అచ్చంపేటలో మారి, బస్సు ఆగిపోయే చివరి ఊళ్లో ఒక బడిపంతులు ఇంటి అరుగు మీద పడుకున్నాం. తెల్లవారుతుండగా బయలుదేరాం. జొన్నరొట్టెలు, పల్లికారం, గరిజలు, జుమ్మెరాత్ బజారులో కొన్న పాత మిలిటరీ నీళ్ల సీసా. కొండ అవతలి వాలులో ఒక చెంచుల పెంట ఉందని, పెంట అంటే వాళ్ల చిన్న గూడెమని, సాయంత్రానికి అక్కడికి చేరితే మర్నాడు జంగిలాత్ వాళ్ల, అంటే అటవీశాఖ వాళ్ల లారీ దొరుకుతుందని పంతులు చెప్పాడు. ఆఫీసు పటాలు గేటు దాటి బయటికి తీసుకురాకూడదు. అందుకని బావ చర్చి క్యాలెండరు వెనక, జ్ఞాపకం మీద, ఆ దారి మొత్తం పెన్సిలుతో గీసుకొచ్చాడు. దాన్ని చూడను కూడా చూడలేదు. “ఈ మలుపు తిరిగినంక ఎడమకు ఒర్రె వస్తది” అనేవాడు, ఎడమకు సన్నటి వాగు వచ్చేది. “గిక్కడికెల్లి ఎక్కుడు శురువు” అనేవాడు, అక్కడే బాట నిటారుగా లేచేది. ఎన్నడూ అడుగుపెట్టని చోటు ఆయనకు మా వంటింటిలా తెలుసు. మొదట ముచ్చటేసింది. “నీకు పోయిన జన్మల చెంచోళ్ల పుటుక గావొచ్చు” అని ఆటపట్టించాను. ఆయన నవ్వలేదు.

ఆ ఎక్కడం నాకు ఇప్పటికీ కాళ్లలో గుర్తుంది. వెదురు పొదలు, బూడిదరంగు మద్ది చెట్లు, ఒళ్లంతా తెల్లగా మెరిసే తపసి చెట్లు. కొండముచ్చులు పైనుంచి మమ్మల్ని చూసి దగ్గినట్టు అరిచేవి. ఎలుగుబంటి తవ్విన పుట్ట కనిపిస్తే నేను ఆయన చొక్కా పట్టుకున్నాను. ఆయన ఆగలేదు, నన్ను కూడా లాక్కునే నడిచాడు. ఒకచోట నీడ చూసి కూర్చున్నాం. రొట్టె సగం తిన్నాడో లేదో లేచాడు. “ఎవరు తరుముతున్నరు బావా?” అన్నాను. నిజంగానే కోపమొచ్చింది. చెప్పులు కరిచి మడమ దగ్గర తోలు లేచింది, చీర కుచ్చిళ్లనిండా పల్లేరు కాయలు. ఆయన ముందు, నేను వెనక. వీపు తప్ప మొహం చూపించని మనిషితో పొద్దున్నుంచి నడుస్తున్నాను. ఇట్లా నడిపించి నాకు ఏం చెప్పబోతున్నాడు? ఆ ఆలోచనే నన్ను ఎక్కువ అలసిపోయేటట్టు చేసింది.

నడినెత్తి మీదికి ఎండ వచ్చేసరికి కొండ కొనకు చేరాం. అక్కడ బాట మలుపు తిరిగింది. బాగా నలిగిన బాట కుడికి పోతోంది. బావ దానివంక చూడనే లేదు. ఎడమకు, కిందికి, పొదల్లోకి చూపించి “ఇటు దిగాలె” అన్నాడు. “అటు బాటేది?” అన్నాను. “ఉంటది” అన్నాడు. పొదలు చేత్తో తప్పిస్తూ, రాళ్లు పట్టుకుని కూర్చుని జారుతూ దిగాం. కొంతదూరం పోయాక ఆయన గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. ముందు నేల లేదు. నిట్టనిలువు బండ. ఎక్కడో అడుగున చెట్ల తలలు, వాటి మధ్య సన్నగా నీళ్ల మెరుపు. అవతలి వాలు మీద బాట స్పష్టంగా కనబడుతోంది. ఇక్కడి నుంచి అక్కడికి పక్షి పోవాలి, మనిషి పోలేడు. బావ అక్కడే కూలబడ్డాడు.

“గీ దారి లేదు, రూతూ” అన్నాడు. “నేనే గీసిన.”

అప్పుడు చెప్పాడు. ఈ కొండను ఇద్దరు సర్వేయర్లు చెరో పక్క కొలిచారట. ఒకరి పటంలో బాట కాగితం అంచు దాకా వచ్చి ఆగింది. రెండో వారి కాగితంలో అంచుకు కాస్త లోపల మొదలైంది. రెండు కాగితాలు పక్కపక్కన పెడితే మధ్యలో గోరంత ఖాళీ. అట్లాంటప్పుడు చీటీ రాసి అడవిలో ఉన్న సర్వేయర్లను అడగాలి, జవాబు వచ్చేదాకా పటం పక్కన పెట్టాలి. అది ఆఫీసు పద్ధతి. బావ అప్పుడు కొత్త, ఇంకా పర్మనెంట్ కాలేదు. పటం ఆలస్యమైతే పేరు పోతుంది. తప్పులు వెతికే ఎగ్జామినర్ ఎర్రసిరా సీసా పెట్టుకుని కూర్చుని ఉంటాడు. “ఖాళీ ఉంటె మంచిగ కనబడ్తలేదు. నాలుగు చుక్కలు పెట్టి కలిపిన. ఎత్తు గీతలు అక్కడ ఒకదానిమీద ఒకటి పడ్డట్టు దగ్గరగున్నయ్, అంటె నిలువు బండ. నాకు తెల్వదా? తెలుసు. అయినా కలిపిన.” ఆ పటం మీద ఒక్క ఎర్ర గుర్తు పడలేదు. ఆయన పర్మనెంటయ్యాడు. పర్మనెంటయ్యాడనే మా నాన్న పిల్లనిచ్చాడు. రెండేళ్ల తర్వాత అడవి నుంచి వచ్చిన ఒక సర్వేయర్ క్యాంటీన్‌లో చాయ తాగుతూ, పటంలో ఉన్న బాటను నమ్మి సామాను కూలీలను కిందికి దింపితే ఒకడు పడి తొంటి విరిగిందని, ఇక వాడు నడవలేడని మాటవరసకు చెప్పాడట. అది బావ గీసిందని అతనికి తెలియదు.

నిజం చెప్పాలంటే నాకు ముందు నవ్వొచ్చింది. ఇంతేనా? ఇన్నేళ్లు ఏడిపించింది ఈ నాలుగు చుక్కలా? పెద్ద కళ్లామె లేదు, మతి పోలేదు, నేనంటే మొహం మొత్తలేదు. ఆ బండ అంచున కూర్చుని పిచ్చిదానిలా నవ్వాను. బావ నేను నవ్వడం అయ్యేదాకా ఆగి, “సోమారం పెద్దాఫీసర్‌కు రాసిస్త” అన్నాడు. నా నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత అక్కడ మేం మాట్లాడుకున్న మాటలు చివరికి చెబుతాను. ముందు ఆ కొండ దిగనివ్వండి.

పైనుంచి ఎవరో కేకేశారు. పొద్దున గూడెం నుంచి చెట్ల బంక తీయడానికి వచ్చిన చెంచు ముసలామె. “ఆడికెందుకు దిగిన్రు? సచ్చిపోతరు! పైకి రాండ్రి!” అని అరిచింది. మేం పాక్కుంటూ ఎక్కాక నడుం మీద చేతులు పెట్టుకుని మమ్మల్ని కిందినుంచి మీదికి చూసింది.

“ఎవడు జెప్పిండు మీకు గీ తొవ్వ?”

“నేనే గీసిన అవ్వా” అన్నాడు బావ.

“గీకినవా? ఏడ గీకినవ్?” అని నా వంక చూసింది. వీడికి బాగాలేదా అన్నట్టు. తర్వాత తన నీళ్లలో సగం మాకిచ్చి, కుడిబాట పట్టించింది. కొండ భుజం మీదుగా చుట్టు తిరిగిపోయే బాట అది. పూటంతా పట్టింది. బావ ఆమె పక్కనే నడుస్తూ ప్రతి మలుపుకూ పేరడిగాడు, ఏ రాయి దగ్గర నీళ్లుంటాయో అడిగాడు, అన్నీ క్యాలెండరు వెనక రాసుకున్నాడు. పొద్దున్నుంచి మాట్లాడని మనిషి ఆమెతో వసపోసినట్టు మాట్లాడాడు. నేను వెనక కుంటుతూ, ఏం జరగబోతోందో లెక్కవేసుకుంటూ నడిచాను. పొద్దుగూకే వేళకు పెంట చేరాం. ముసలామె కోడలు నా మడమకు ఏదో ఆకు నలిపి కట్టింది.

సోమవారం ఆయన రాసిచ్చాడు. పెద్దాఫీసరు కోస్తా మనిషి, మంచివాడే. “ఎవరూ అడగలేదు కదయ్యా, ఎందుకు చెప్పావు?” అన్నాడట. చెప్పాక ఇక ఊరుకోవడానికి లేదు. సీనియర్ పోస్టు వెనక్కిపోయింది. క్వార్టరు వరుసలో తర్వాతివాళ్లకు వెళ్లింది. వాళ్లు సామాను బండికెత్తుకుని పోతుంటే నేను బావి దగ్గర చేద పట్టుకుని చూశాను. నెలన్నర ఆయనతో మాట్లాడలేదు. “అత్తమ్మా, అన్నం పెట్టిన్నని చెప్పు” అంటే, “ఓరి దానీ, అన్నం పెట్టిందంట” అని రెండడుగుల దూరంలో ఉన్న కొడుక్కు ఆమె అందించేది. ఆయన మాత్రం ఆదివారం గుట్టెక్కడం మానేశాడు. తిని, చెయ్యి కడుక్కుని, పడుకున్నాడు. ఆ గురక వింటూ నేను నిద్రపోలేకపోయాను.

ఈస్టర్‌కు ముందు చర్చిలో సాక్ష్యాల కూడిక జరిగింది. ఎవరి జీవితంలో దేవుడు చేసిన మేలు వాళ్లు లేచి చెప్పాలి. ఎన్నడూ లేవని బావ లేచాడు. పటం సంగతి, కూలీ సంగతి, పోయిన పోస్టు సంగతి అన్నీ చెప్పాడు. చివరికి ఇట్లా అన్నాడు: “ఆ బండ మీద నాకు మస్తు భయమైంది. దాచిపెడ్దామనుకున్న. మా రూతే, చెప్పు బావా, ఏమైతె అదైతదన్నది. ఆమె అననిది నేను ఇయ్యాల మీ ముందర నిలవడకపోదును.” చర్చంతా ఆమెన్ అంది. ఆడవాళ్లు నా చేతులు పట్టుకున్నారు. పాస్టరయ్య నన్ను ముందుకు పిలిచి దీవించాడు. నెలన్నరగా మా మధ్య మాటలు మోసిన అత్తమ్మ ఒక్కతే ఆమెన్ అనలేదు. నశ్యం డబ్బా తీసి, నా మొహం చూసి, మూత పెట్టేసింది.

ఇంటికి వస్తుంటే నెలన్నర మౌనం అక్కడ తెగింది. “ఎందుకట్ల చెప్పినవ్ బావా?” అన్నాను. ఆయన సైకిలు పక్కన నడిపించుకుంటూ వస్తున్నాడు. “మరేం జెప్పాలె? ఆడ ఖాళీ ఇడిసిపెడితె అందరు నిన్ను సూస్తరు” అన్నాడు.

ఆ పటం కొత్త అచ్చులో బాట కొండ భుజం మీదుగా తిరిగింది. ఒక నమూనా ఆఫీసు గోడకు తగిలించారని పిలుచుకుపోయి చూపించాడు. మాకూ ఆలస్యంగా నల్లా వచ్చింది. తిప్పితే నీళ్లు వచ్చాయి, నేననుకున్నంత సంబరం రాలేదు. ఇప్పుడు మా చెల్లెలి ఇంట్లో గోడకు నాలుగు నల్లాలు, నేలమీద నడిచే పనే ఎవరికీ లేదు. దారి కావాలంటే ఫోన్లోంచి ఒక గొంతు చెబుతుంది, ఎడమకు తిరుగు, కుడికి తిరుగు అని. అది తప్పు చెప్పినా మళ్లీ లెక్క వేసుకుని ముందుకు పోతుంది. ఎవరూ వెళ్లి రాసివ్వాల్సిన పని లేదు. నాకు అది సుఖమో కాదో తెలియదు. బావ చివరి రోజుల్లో దవాఖానా మంచం మీద హాయిగా పడుకున్నాడు, మోకాలు కూడా కదపలేదు. ఆయనను సమాధి చేసిన రోజు కొత్త పాస్టరు, పాతవాళ్ల దగ్గర విన్నదే, భర్తను సత్యం వైపు నడిపించిన భార్య అని నా గురించి చెప్పాడు. నేను తల వంచుకుని విన్నాను. వాళ్లు అది వినయం అనుకున్నారు.

ఇక ఆ బండ అంచున జరిగిన మాట. సోమారం రాసిస్త అని బావ అన్నప్పుడు నేను ఆయన రెండు చేతులూ పట్టుకుని, చెప్పకు అన్నాను. ఆయన నా మొహం చూశాడు. చెప్పకు బావా, నాకు నల్లా గావాలె అన్నాను. ఆ కూలీ, అని ఆయన ఏదో అనబోయాడు. ఆ కూలీ ఎవరో మనకు తెలవదు, చెప్పకు అన్నాను.

మూడుసార్లు అన్నాను.